గ్లుఖయా వైమానిక స్థావరం ఘన చరిత్ర

జనవరి 10, 1994

కల్నల్ పిలిపించాడు. గ్రంథాలయం మూసేస్తున్నాం అంటాడేమోనని భయపడుతూ వెళ్ళాను. అంతకన్నా ఘోరం. చరిత్ర రాయాలట.

పంతెలేయ్ కుజ్మిచ్ జ్మూరొవ్ తన ఆఫీసులో టోపీ, ఓవర్‌కోటు, చేతి తొడుగులతో సహా కూర్చుని ఉన్నాడు. మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తోంది. ఆయన సిగరెట్ మానేసి చాలా కాలమైంది.

"ఈ వసంతానికి మన స్థావరానికి నలభై ఏళ్ళు, రీమ్మా సవేల్యెవ్నా గారూ. మాస్కో నుంచి కమిషన్ వస్తోంది. మనల్ని ఉంచాలో ఎత్తేయాలో తేల్చడానికే. మన ఘన చరిత్ర కళ్ళారా చూశాక ఎత్తేయడానికి వాళ్ళకి చేతులెలా వస్తాయి?"

ఘన చరిత్రే, సందేహం లేదు. ఇక్కడ వోడ్కా తప్ప ద్రవంగా ఉన్నదేదీ లేదు.

"నాకు చరిత్ర రాయడం రాదండీ. పుస్తకాలు ఇస్తాను, తిరిగి తీసుకుంటాను, అంతే."

"అంతమంది రచయితల మధ్య ఇన్నేళ్ళు కూర్చున్నారు. కొంచెమైనా అంటకుండా ఉంటుందా?"

ఇంటికొచ్చి ఆర్సేనీకి చెప్పాను. బూట్లు విప్పుకుంటూ నవ్వాడు. "రాసెయ్. ఇక్కడ హాయిగా ఉన్నామని మీ అమ్మకి ఇన్నేళ్ళుగా రాయడం లేదూ? చెయ్యి తిరిగే ఉంది."

స్థావరం ఉంటే ఎంత, ఊడితే ఎంత? వచ్చిన రోజు నుంచి ఎప్పుడు వెళ్ళిపోదామా అనే చూస్తున్నాను.

జనవరి 12

కరెంటు లేదు. కనుక చరిత్రా లేదు.

జనవరి 16, ఆదివారం

కొండ మీదకి వెళ్ళొచ్చాం. మంచు తీశాం.

జనవరి 24

మొదటి అధ్యాయం పూర్తి. "1954లో, నిర్మానుష్యమైన ఈ తీరంలో, వీర సైనికులు తొలి రన్‌వే వేశారు." ఈ వాక్యం కల్నల్‌గారిదే. నాది కామాలు మాత్రమే.

అది రాస్తూండగానే ఖాద్నే వచ్చింది. ఆమె నేనెత్స్ తెగ మనిషి, రెయిన్‌డీర్ల కాపరి. ఊళ్ళోకి మాంసం, చేపలు అమ్మడానికి వచ్చినప్పుడల్లా మా గ్రంథాలయంలో పొయ్యి పక్కన కూర్చుంటుంది. చదవదు. ఒకసారి పుస్తకం ఇవ్వబోతే, "నాకు కళ్ళు దూరం చూడ్డానికే ఉన్నాయి పిల్లా," అంది.

"ఏం గీకుతున్నావు?"

"మీ తీరంలో ఒకప్పుడు ఎవరూ లేరని."

"అలాగా." చేతులు కాచుకుంటూ ఆలోచించింది. "మరి మా అమ్మ నన్ను ఎక్కడ కన్నట్టు? ఆ రెండో హ్యాంగర్ ఉంది చూడు, దాని తలుపు దగ్గరే మా డేరా. ఆ సంవత్సరం సైనికులొచ్చి, జరగండి, విమానాలొస్తున్నాయి అన్నారు. మా నాన్న ఎంత దూరం జరగాలని అడిగాడు. వాళ్ళు చేత్తో ఇలా చూపించారు. ఆ చెయ్యి ఇంకా దించలేదు."

కల్నల్‌కి చెప్పాను. "ఆమె పుట్టిందనడానికి ఆధారం ఉందా?" అన్నాడు.

"పొయ్యి పక్కన కూర్చుని ఉందండీ."

"అది ఇప్పుడు. నేనడిగేది 1954కి ముందు."

జనవరి 27

మా అఖాతం పేరు గ్లుఖయా. రష్యన్‌లో మారుమూలది అని ఒక అర్థం, చెవిటిది అని ఇంకో అర్థం. బొగ్గు పంపండి, మందులు పంపండి అని నలభై ఏళ్ళుగా మాస్కోకి మొరపెట్టుకుంటున్నాం. చెవిటివాళ్ళం మేమైతే కాదు.

ఫిబ్రవరి 2

1961 దగ్గరికొచ్చాను. మా స్థావరం చరిత్ర మొత్తానికి జారవిడిచిన ఒకే ఒక్క బాంబు ఆ సంవత్సరానిదే. నిజంగా జారింది. ఎవరో ఏదో లివరు మీద మోచెయ్యి పెట్టాడు, అది వెళ్ళి సముద్రంలో పడింది. వారం రోజులు స్థావరమంతా చేపల చారే.

కల్నల్ దిద్దుబాటు: "ఆ ఏడాది సిబ్బంది పోషణ గణనీయంగా మెరుగుపడింది."

ఫిబ్రవరి 8

ఈదురుగాలికి విమానం రెక్క విరిగింది. వడ్రంగిని పిలిపించారు.

ఇందులో వింతేమీ లేదు. మంచి విమానాలన్నీ రెండేళ్ళ కిందటే దక్షిణానికి ఎగిరిపోయాయి. రన్‌వే బోసిగా ఉంటే పైనుంచి ఫొటోలు తీసే అమెరికా వాళ్ళ ఉపగ్రహం మనసు కష్టపెట్టుకుంటుందని, చెక్క పలకలతో విమానాలు చేయించి, రంగులేయించి, వరసగా నిలబెట్టారు. దూరం నుంచి భయంకరంగా ఉంటాయి. దగ్గరికెళితే జిగురు వాసన. నిజంగా ఎగిరేది ఆర్సేనీ నడిపే రెండంతస్తుల రెక్కల ముసలి విమానం ఒక్కటే. అందరూ దాన్ని అన్నూష్క అంటారు. చక్రాల బదులు స్కీలు, తలుపుకి తాడు.

చరిత్రలో ఇలా రాశాను: "గత రెండేళ్ళలో మా విమానాలకి గాలిలో ఒక్క ప్రమాదమూ జరగలేదు." కల్నల్ ముచ్చటపడ్డాడు. అక్షరాలా నిజమైన వాక్యం ఇప్పటికి ఇదొక్కటే.

ఫిబ్రవరి 11

ఆర్సేనీ స్నేహితుడు గొర్దేయ్ దక్షిణాన క్రస్నదార్‌లో పొలాల మీద మందు చల్లే విమానాలు నడిపిస్తున్నాడు. పైలట్ కావాలట. అక్కడ ఆప్రికాట్లు రోడ్ల మీదే రాలిపడి ఉంటాయట, తినేవాళ్ళు లేక.

"వెళ్దామా?" అన్నాడు ఆర్సేనీ.

"అది కూడా అడగాలా? ఆప్రికాట్లంటే నాకు ప్రాణం."

వెంటనే పెట్టెలు కట్టడం మొదలుపెట్టాను.

ఫిబ్రవరి 12

పెట్టె విప్పాను. కత్తెర లోపల ఉండిపోయింది.

ఫిబ్రవరి 13, ఆదివారం

కొండ.

ఫిబ్రవరి 19

పెట్టె మళ్ళీ విప్పాల్సి వచ్చింది. కుండీలో మొక్క ప్రయాణానికి తట్టుకోదేమోనన్న అనుమానం. మొక్క పెట్టెలో లేదు. అయినా చూసుకోవడం మంచిదే.

ఫిబ్రవరి 26

ఈ రోజు మా పాప లేల్యా పుట్టినరోజు. బతికుంటే పద్నాలుగు నిండేవి. పిండి లేదు కాబట్టి కేకు చెయ్యలేదు. ఉంటే చేసేదాన్నేమో తెలీదు. ఆర్సేనీ రోజంతా ఇంజన్ బాగుచేస్తూ కూర్చున్నాడు. అది బాగానే ఉంది. మేమిద్దరం దీని గురించి మాట్లాడుకోం. మాట్లాడుకోకపోవడంలో మాకు మంచి అభ్యాసం ఉంది.

మార్చి 9

కమిషన్ పై నెల వస్తుందని కబురు. బడిలో పొయ్యిలు ఆర్పి, మిగిలిన బొగ్గు అతిథి గృహానికి తరలించారు. పిల్లలు బొచ్చు కోట్లలో లెక్కలు చేస్తున్నారు. సైనికులేమో దారి పక్క రాళ్ళకి తెల్లరంగు వేస్తున్నారు. మంచులో. రాళ్ళు కనపడక రెండుసార్లు మంచుకే రంగేశారు. తేడా తెలియలేదు.

మార్చి 17

1986 చేరుకున్నాను. కల్నల్ చీటీ మీద ఒక్క వాక్యం రాసిచ్చాడు: "మార్షల్ గారి పర్యటన విజయవంతంగా జరిగింది." ఇస్తున్నప్పుడు నా వంక చూడలేదు.

రాశాను. చక్కగా, గుండ్రటి అక్షరాలతో రాశాను. కామా కూడా అక్కర్లేకపోయింది.

మార్చి 18

తలనొప్పి.

ఏప్రిల్ 14

కమిషన్ దిగింది. కమిషన్ అంటే లెఫ్టినెంట్ జనరల్ వొరోపాయెవ్, ఆయన సంచి మోసే ఒక మేజరు, ఆరు గాలాలు. గాలాలు పొడవాటి తోలు సంచుల్లో ఉన్నాయి, కొత్తవి. మా సైనికులు వాటిని రాకెట్లేమో అనుకుని జాగ్రత్తగా దించారు.

జనరల్ మనిషి మంచివాడే. నిగనిగలాడుతున్నాడు. వరసగా నిలబెట్టిన విమానాల్ని దూరం నుంచి చూసి, "కలకలలాడుతోంది స్థావరం!" అన్నాడు. దగ్గరికి తీసుకెళ్ళలేదు.

రేపు పొద్దున మ్యూజియం ప్రారంభం. అంటే నా గ్రంథాలయమే, నాలుగు ఫొటోలు, ఒక జెండా, నా చరిత్ర. తరవాత అన్నూష్కలో జనరల్‌ని లోపలి సరస్సుకి తీసుకెళ్ళాలి. మంచుకి కన్నం వేసి చేపలు పడతారట. ఒక్క ప్రయాణానికి సరిపడా పెట్రోలే మిగిలింది. దేశ రక్షణ కోసం దాచినది.

ఏప్రిల్ 15

 అన్నీ వరసగా రాస్తాను. ఎంతైనా చరిత్రకారిణిని.

పొద్దున మ్యూజియం తుడుస్తుంటే ఖాద్నే లోపలికొచ్చింది. పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు. బండికి కట్టిన రెయిన్‌డీర్లు బయట నోటి వెంట నురగలు కక్కుతున్నాయి.

"మా కోడలు సావనే. నిన్నటి నుంచి డేరాలో నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది. నా చేతులతో ఎంతమందికో పురుడు పోశాను పిల్లా, ఇది నా చేతులకి అందడం లేదు. కోయాలి."

మా ఆసుపత్రిలో ఉన్నది ఒక కాంపౌండరు. కోసే డాక్టరు జిల్లా పట్నంలో ఉంటాడు, ఎగిరి వెళితేనే అందుతాడు. ఎగిరేది ఒక్కటే. అది ఇంజన్ వేడి చేసుకుని జనరల్ కోసం నిలబడి ఉంది.

ఆర్సేనీ కల్నల్ దగ్గరికి పరిగెత్తాడు. వెనకే నేనూ. కల్నల్ పతకాలు పెట్టుకుంటున్నాడు.

"ఈ రోజు విమానం కమిషన్‌ది," అన్నాడు.

"మనిషి చచ్చిపోతుందండీ."

"కెప్టెన్ చెబికిన్! మన స్థావరం బతకాలో చావాలో ఈ రోజు తేలుతుంది. వందల కుటుంబాలు. అర్థమవుతోందా? అనుమతి లేదు."

అనుమతి లేదు. ఎనిమిదేళ్ళ కిందట కూడా ఇవే రెండు మాటలు. మార్షల్ వస్తున్నాడని ఆకాశం మొత్తం మూసేసిన రోజు. లేల్యాకి కడుపునొప్పి అన్నాం, కాంపౌండరు అపెండిసైటిస్ అన్నాడు, విమానం కావాలన్నాం. అప్పటి కమాండరు ఫోన్ ఎత్తలేదు. ఫోన్ ఎత్తి ఆ మాట చెప్పినవాడు డ్యూటీలో ఉన్న మేజరు. ఆ మేజరు పేరు జ్మూరొవ్. మర్నాడు మార్షల్ రానే లేదు, వాతావరణం బాలేదని. లేల్యా ఆరేళ్ళది.

ఈ మాటలు ఎక్కడా రాయలేదు ఇన్నాళ్ళూ. ఇప్పుడూ రాయాలనుకోలేదు.

బయటికొచ్చాం. ఆర్సేనీ మొహం కాగితంలా ఉంది.

"ఎంతసేపు కావాలి నీకు?" అన్నాను.

"కాంపౌండర్ని, ఖాద్నేని ఎక్కించుకుని డేరా వైపు లేవడానికి? అరగంట. కానీ జనరల్ అయిదు నిమిషాల్లో మ్యూజియం చూసేసి రన్‌వే మీదకి వచ్చేస్తాడు."

"రాడు," అన్నాను. "చరిత్ర నలభై ఏళ్ళది."

ఏం జరిగిందంటే, నేను చదివాను. జనరల్ రిబ్బన్ కత్తిరించి, "అద్భుతం, అద్భుతం," అని తలుపు వైపు తిరిగేసరికి తలుపుకి అడ్డంగా నిలబడి, చరిత్ర చేతిలోకి తీసుకుని, మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టాను. నిర్మానుష్యమైన తీరం. వీర సైనికులు. ఆయన గడియారం చూసుకున్నాడు. నేను 1957 చూపించాను. ఆయన దగ్గాడు. మంచినీళ్ళిచ్చి 1961లోకి వెళ్ళాను. కల్నల్ కొట్టేయించిన బాంబు సంగతి చెబితే నవ్వాడు, ఆ కాస్త నవ్వు పట్టుకుని ఆ రోజు పడిన చేపల జాతులన్నీ కల్పించి చెప్పాను. జాతీయగీతం మొదలవగానే అందరం నిలబడాలి కాబట్టి, 1965 దగ్గర అది కూడా పాడాను. అప్పటి గీతం వేరు, ఇప్పటిది వేరు అని మేజరు గుర్తు చేశాడు. రెండూ పాడాను. ఇప్పటిదానికి మాటలు లేవు కాబట్టి ముక్కుతో లాగించాను. గొంతు ఎంత బాగుందో విన్నవాళ్ళే చెప్పాలి.

"ఇంకా ఎంత ఉందమ్మా?" అన్నాడు జనరల్.

"డెబ్బైల్లోకి ఇప్పుడే వస్తున్నామండీ. అసలు కథ అక్కడే మొదలవుతుంది."

అప్పుడు కిటికీ అద్దాలు గిలగిల్లాడాయి. అన్నూష్క గొంతు ఎవరు గుర్తుపట్టరు! మంచు మీద స్కీలు గీరుకుంటూ వెళ్ళి, ఆ చప్పుడు నేల వదిలింది.

జనరల్ తల తిప్పాడు. "అదేమిటి? నా విమానం కాదు కదా?"

  కల్నల్ జ్మూరొవ్ నా వంక చూశాడు. ఆ మార్షల్ వాక్యం ఇచ్చిన రోజు చూడని చూపు. ఒక్క మాట చాలు, రేడియోలో వెనక్కి పిలిస్తే ఆర్సేనీ తిరిగి దిగాల్సిందే.

ఆయన మడమలు కొట్టి నిటారుగా నిలబడ్డాడు.

"కామ్రేడ్ జనరల్, అది మా పోరాట సంసిద్ధత. నా ఆదేశం మీద లేచింది."

"ఏ ఆదేశం? నేను చేపలకి వెళ్ళాలి!"

"తమరు ముందు చరిత్ర పూర్తిగా వినాలని మనవి. ఇంకా ఎనభైలు ఉన్నాయి." నా వైపు తిరిగి, "చదవండి రీమ్మా సవేల్యెవ్నా గారూ. 1986 దగ్గర నేను రాసిచ్చిన వాక్యం కొట్టేయండి. ఆ రోజు డ్యూటీలో నేనే ఉన్నాను. ఏం జరిగిందో చెప్పండి."

చెప్పలేదు. గొంతు ఎక్కడికో పోయింది. రెండు జాతీయగీతాలు పాడినందుకేమో.

ఏప్రిల్ 16

జనరల్‌కి రాత్రి విందులో డబ్బా చేప పెట్టారట. సముద్రం ఒడ్డున కూర్చుని డబ్బా చేప తిన్న తొలి జనరల్‌గా ఆయన మా చరిత్రలో నిలిచిపోతాడు.

ఆ విందులోనే, నోటి నిండా చేపతో, ఇంకో సంగతి కూడా చెప్పాడట. స్థావరం ఎత్తేసే ఆదేశం కొత్త సంవత్సరానికి ముందే సంతకమైంది. చరిత్ర కావాలని ఎవరూ అడగలేదు. నలభై ఏళ్ళు నిండుతున్నాయని కూడా ఎవరికీ తెలీదు. మరి కమిషన్ దేనికి వచ్చినట్టు? ఆ సరస్సులో చేపలు బావుంటాయని ఎవరో చెప్పారట.

ఆర్సేనీ నుంచి కబురు లేదు.

ఏప్రిల్ 17, ఆదివారం

కొండ మీదకి ఒక్కదాన్నే వెళ్ళాను. లేల్యా పక్కన కూర్చుని ఏం మాట్లాడానో గుర్తు లేదు. చాలాసేపు మాట్లాడాను.

ఏప్రిల్ 18

వచ్చాడు. గడ్డం పెరిగి, నిద్ర లేక, మూడు రోజుల చెమటతో. సావనే బతికింది. మగపిల్లాడు. బిడ్డ నీలంగా పుట్టి, డాక్టరు వీపు మీద చరిస్తే ఆసుపత్రంతా వినపడేలా తిట్టాడట.

ఆర్సేనీ తలుపు దగ్గరే నేల మీద కూర్చుండిపోయాడు. "నలభై నిమిషాలే, రీమ్మా," అన్నాడు. "పట్నానికి నలభై నిమిషాలే పట్టింది. నాకు తెలుసు అంతే పడుతుందని. అయినా... అంతేనా అనిపించింది."

పక్కన కూర్చున్నాను. ఎనిమిదేళ్ళలో మొదటిసారి లేల్యా పేరు తను ముందు పలికాడు. ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను. ఇది అసలే ప్రైవేటు డైరీ.

ఏప్రిల్ 29

ఫలితాలు. ఆర్సేనీకి విమానం నడిపే హక్కు పోయింది, సైన్యం నుంచి తొలగించారు. గొర్దేయ్ విచారం వెలిబుచ్చాడు, పైలట్ కాని పైలట్ అతనికి అక్కర్లేదు. కల్నల్‌ని గౌరవాలేవీ లేకుండా ఇంటికి పంపుతున్నారు. స్థావరం ఆగస్టులో ఓడ రాగానే ఖాళీ చేయాలి. మొత్తానికి నా చరిత్ర గొప్ప ప్రభావమే చూపింది.

జూన్ 20

కల్నల్ పొయ్యిలో తన కాగితాలు కాలుస్తున్నాడు. దారిలో ఆగాను. ఆయన్ని క్షమించానా అంటే లేదు. క్షమించలేదా అంటే, ఆయన కోసం టీ తీసుకెళ్ళాను. చక్కెర వెయ్యలేదు. అంతవరకే వచ్చాను.

"కూర్చోండి," అన్నాడు.

కూర్చోలేదు. టీ అయిపోయేదాకా నిలబడ్డాను.

ఆగస్టు 21

ఓడ వచ్చింది. రేవులో జనం, పెట్టెలు, పరుపులు, మేకలు. పిల్లలకి పండగ. కల్నల్ మామూలు కోటులో ఎవరో పెన్షనరులా ఉన్నాడు, అయినా జాబితా పట్టుకుని పేర్లు పిలవడం మాత్రం మానలేదు.

"చెబికిన్, ఆర్సేనీ. భార్యతో."

ఆర్సేనీ పెట్టె ఎత్తాడు. నేను కదల్లేదు. ముందే ఏమీ అనుకోలేదు, ప్రమాణం చేసి చెబుతున్నాను. బూటు లేసు ఊడితే కట్టుకుంటున్నాను, అంతే.

"ఏమైంది?" అన్నాడు.

"ఏం లేదు. నువ్వెక్కు."

"నువ్వో?"

"దక్షిణాన వేసవిలో ఉక్కపోతట. నాకు ఉక్కపోత పడదు. వాతావరణ కేంద్రం ఎలాగూ ఎత్తెయ్యడం లేదు. అందులో ఉన్న ముసలాయన ఇదే ఓడకి వెళ్ళిపోతున్నాడు, ఆ పనికి మనిషి లేడట. గాలి, మబ్బు, చలి రాసుకుంటే చాలు. రాయడం నాకు వచ్చు కదా."

ఆర్సేనీ చాలాసేపు నా బూటు వంకే చూశాడు. లేసు బాగానే ఉంది.

"రేడియో నడపడానికి ఇంకొకళ్ళు కావాలేమో కనుక్కున్నావా?"

"ఇద్దరు కావాలట."

"ముందే కనుక్కున్నావన్నమాట."

"ఊరికే. మాటల్లో."

పెట్టె కింద పెట్టేశాడు. అందులో ఏముందో ఈపాటికి ఇద్దరికీ కంఠస్థం. కల్నల్ ఇంకోసారి పిలిచాడు. ఆర్సేనీ చెయ్యి ఊపి, "మమ్మల్ని కొట్టేయండి, పంతెలేయ్ కుజ్మిచ్!" అని అరిచాడు.

"పిచ్చెక్కిందా మీకు? ఇక్కడ ఇక ఎవరూ ఉండరు!"

"పరవాలేదండీ," అన్నాను. "ఎవరూ లేనప్పుడు కూడా ఇక్కడ చాలామంది ఉండేవారు."

ఆయన జాబితాలో గీత పెట్టి, టోపీ తీశాడు. ఓడ వెళ్ళిపోయింది. ఎంత నిశ్శబ్దమంటే, మా ఇద్దరికీ ఆకలేస్తున్న చప్పుడు వినపడింది.

సెప్టెంబరు 18, ఆదివారం

పొద్దున కొండ మీదకి ఇద్దరం వెళ్ళొచ్చాం. తరవాత నేను పరికరాలు చూసుకుని రిపోర్టు పంపాను. అటువైపు ఎవరు వింటారో తెలీదు. మాకు అలవాటే.

మధ్యాహ్నం దక్షిణానికి దిగుతున్న మంద రన్‌వే దాకా వచ్చి ఆగింది. కాంక్రీటు మీద కాలు పెట్టడానికి రెయిన్‌డీర్లకి అనుమానం. ముందు బండిలో ఖాద్నే, వెనక బండిలో సావనే, ఒళ్ళో మూట. మూటలోంచి తిట్లు.

"పేరు పెట్టారా?" అని అడిగాను.

"మా వాడు విమానం అని పెడదామన్నాడు," అంది ఖాద్నే. "నేను వద్దన్నాను. పైకి లేస్తే ఎప్పుడు దిగుతాడో తెలీదు. ఇంకా చూస్తున్నాం. నీ మొగుడేమిటి అలా నిలబడ్డాడు?"

ఆర్సేనీ రన్‌వే నడిమధ్యకి వెళ్ళి, పాత సిగ్నల్ జెండాలు రెండు చేతుల్లోకి తీసుకుని, పైలట్లకి దారి చూపించినట్టు మందకి దారి చూపిస్తున్నాడు. ఎంతో గంభీరంగా. ముందున్న ముసలి రెయిన్‌డీరు అతన్ని ఎగాదిగా చూసి, కాలు పెట్టింది. దాని వెనకే మిగతావన్నీ, గిట్టల చప్పుడుతో, కొమ్ములు కొమ్ములకి తగులుతూ, ఎవరి అనుమతీ లేకుండా దాటిపోయాయి. రెండో హ్యాంగర్ తలుపు దగ్గర ఖాద్నే బండి కాసేపు ఆగింది. దిగలేదు. చూసి, కదిలిపోయింది.

నాకు కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. గాలి వల్ల. ఇక్కడి గాలి అలాంటిది మరి, నిలబడనివ్వదు.

మధ్యాహ్నం రిపోర్టు ఇప్పుడే మళ్ళీ తీసి చూశాను. నా చేత్తోనే రాశాను. గాలి: లేదు.